ఎడమ చేతికి సెలవివ్వండి: గిటార్ మొదలుపెట్టేవారికి తలకిందుల సలహాలు

గిటార్ నేర్పే మాస్టారు ఎవరైనా మొదటి పాఠంలో చెప్పేది దాదాపు ఒకటే. ఎడమ చేత్తో సి మేజర్ కార్డ్ పట్టుకో, వేళ్లు నొప్పెడితే ఓర్చుకో, నెల తిరిగేసరికి వేలి కొసలు కాయలు కాస్తాయి, అప్పుడు అంతా సులువవుతుంది. నేను సరిగ్గా దీనికి అడ్డం చెబుతాను. మొదటి రెండు వారాలు ఎడమ చేతికి సెలవివ్వండి. మొదటి నెలలో కార్డుల జోలికే పోకండి. నొప్పి మొదలైతే ఆపేయండి. గిటార్‌ని అందరూ పెట్టే శ్రుతిలో పెట్టకండి. ఇవి తప్పుడు సలహాలని చాలామంది అంటారని తెలుసు, అయినా ఇవే చెబుతాను. మన ఇళ్లలో అటకల మీద, బీరువాల వెనక దుమ్ముకొట్టుకుపోతున్న గిటార్లలో ఎక్కువ భాగం ఆ పాత పద్ధతిలో మొదలైనవే. చేతిని గిటార్‌కి తగ్గట్టు వంచాలని చూశారు, చెయ్యి వంగలేదు, గిటార్ మూలకెళ్లింది. గిటార్‌నే చేతికి తగ్గట్టు మార్చుకోవచ్చని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

కొనేటప్పుడే ఈ పని మొదలవ్వాలి. చెక్క గురించి, రంగు గురించి, పక్కన కోత ఉన్న కట్‌అవే మోడల్ గురించి షాపులో చెప్పేదంతా వినండి. విన్నాక జేబులోంచి చిన్న స్కేలు తీసి, మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతల్లో, అంటే ఫ్రెట్లలో, పన్నెండోదాని దగ్గర తీగ ఎంత ఎత్తులో ఉందో కొలవండి. లావు తీగ కింద రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ కింద రెండు ఉంటే బాగుంటుంది. దీన్నే యాక్షన్ అంటారు. మూడు, మూడున్నర దాటిందంటే ఆ తీగని అదమడానికి మీ వేలు చాలా ఎక్కువ కష్టపడాలి. నేర్చుకునేవాళ్లు ఆ కష్టాన్ని తమ చేతకానితనం అనుకుంటారు, నాకు కడుపు రగిలేది అక్కడే. బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సాడిల్ అడుగు కాస్త అరగదీయించి, మెడ కొసన తీగలు ఆనే నట్ గాడులు సరిచేయిస్తే ఆ ఎత్తు తగ్గుతుంది. అందుకే పదిహేను వేలు చేతిలో ఉంటే పదిహేను వేల గిటార్ కొనొద్దంటాను. చవకది కొని, మిగిలిన దాంట్లోంచి సెటప్‌కి, కొత్త తీగలకి ఖర్చుపెట్టండి. ఒకే ధరలో రెండు కనిపిస్తే తీగ పొడవు తక్కువున్నది తీసుకోండి. చాలామంది మొదట కొనే యమహా ఎఫ్310లో ఆ పొడవు 634 మిల్లీమీటర్లు. పెద్ద డ్రెడ్‌నాట్ గిటార్లు చాలావాటిలో సుమారు 645 ఉంటుంది. పొడవు తగ్గినకొద్దీ తీగ బిగువూ తగ్గుతుంది.

ఇక్కడ ఒక్క విషయంలో మాత్రం మాస్టార్లూ నేనూ ఒకే మాట మీద ఉంటాం. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ కొంటే దానికి ఎప్పుడూ స్టీలు తీగలు వేయకండి. ఆ బిగువుకి బ్రిడ్జ్ ఊడిరావచ్చు, మెడ వంగిపోవచ్చు.

తీగల సంగతికొద్దాం. స్టీలు తీగల గిటార్లకి మామూలుగా వేసే 'లైట్' సెట్‌లో సన్న తీగ అంగుళంలో వెయ్యింట 12 వంతుల మందం, లావు తీగ 53 వంతులు. పేరు లైట్ గానీ కొత్త వేలికి అదేమీ తేలిక కాదు. 10 నుంచి 47 వరకు ఉండే 'ఎక్స్‌ట్రా లైట్' సెట్ అడిగి తీసుకోండి. మోత పలచబడుతుందని షాపులో అంటారు. పలచబడేది నిజమే, పడనివ్వండి. నిండైన మోత కావాలనుకున్న రోజున లావు తీగలు వేసుకోవడానికి పావుగంట చాలు.

ఆ పలచటి తీగల్లోనూ మూడింటిని కిందికి దించమంటాను. తీగ శ్రుతిని ఒక్క ఫ్రెట్ అంత దించితే బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది. రెండు ఫ్రెట్లంత దించితే 20 శాతం. వేలికి ఇంతకంటే చవకైన వైద్యం లేదు. బ్లాక్ సబ్బాత్ బృందంలోని టోనీ అయోమీ ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. వాటికి తొడుగులు చేసుకుని, సన్నటి తీగలు వేసుకుని, 1971లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' నాటికి గిటార్‌ని మూడు ఫ్రెట్లంత కిందికి దించి వాయించాడు. ఆయనది ఎలక్ట్రిక్ గిటార్, మనది అకౌస్టిక్, అయినా బిగువు లెక్క రెంటికీ ఒకటే.

ఎలా దించాలో వివరంగా చెబుతాను, గిటార్ ఒళ్లో పెట్టుకుని చదవండి. మామూలు శ్రుతిలో లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఇ, ఎ, డి, జి, బి, ఇ. వీటిలో మధ్యనున్న డి, జి, బి తీగల్ని ముట్టుకోవద్దు. ఆరో తీగని, అంటే అన్నిటికన్నా లావుదాన్ని, నెమ్మదిగా వదులు చేయండి. అది నాలుగో తీగతో కలిసి, అదే స్వరం ఒక స్థాయి కింద పలికినట్టు వినిపించగానే ఆగండి. ఐదో తీగని మూడో తీగతో ఇలాగే కలపండి. సన్నటి ఒకటో తీగనీ దించి, నాలుగో తీగకి ఒక స్థాయి పైన పలికేలా నిలపండి. ఇప్పుడు వరుస డి, జి, డి, జి, బి, డి. దీనికి ఓపెన్ జి అని పేరు. ఫోన్‌లో ట్యూనర్ యాప్ మధ్య మూడు తీగల కోసం ఒక్కసారి వాడి మూసేయండి, మిగతా మూడూ చెవితోనే కలపండి. రెండు తీగలు కలవనప్పుడు మోత వణుకుతూ ఉంటుంది. దగ్గరయ్యేకొద్దీ ఆ వణుకు నెమ్మదించి, కలిసిన క్షణంలో ఆగిపోతుంది. ఆ ఆగడం వినిపించిందంటే మీకు సంగీతం రాదని ఎవరన్నా నమ్మకండి.

ఇప్పుడు ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుడి బొటనవేలితో ఆరు తీగలూ మీటండి. నిండైన జి మేజర్ కార్డ్, ఒక్క వేలూ పెట్టకుండా. కెనడా గాయని జోనీ మిచెల్‌కి చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ చెయ్యి బలహీనపడింది. మామూలు కార్డుల ఆకారాలు కష్టమై ఇలాంటి మారు శ్రుతుల్ని ఆశ్రయించింది, ఆమె పాటలకి ఆ ప్రత్యేకమైన ధ్వని వచ్చింది వాటివల్లే.

మొదటి రెండు వారాలు ఇంతే: కుడి చెయ్యి, చెవి, పాదం. పాదంతో ఆది తాళం ఎనిమిది లెక్కలు వేస్తూ బొటనవేలితో ఐదో తీగ, నాలుగో తీగ మార్చి మార్చి మీటండి. తర్వాత చూపుడువేలు మూడో తీగకి, మధ్యవేలు రెండో తీగకి, ఉంగరపు వేలు ఒకటో తీగకి అప్పగించండి. ఒక్కో లెక్కకి ఒక్కో తీగ. విసుగ్గా ఉందా? ఉండనివ్వండి. కార్డులన్నీ వచ్చి తాళం నిలవనివాడి పాట వినడం ఎవరికైనా కష్టమే, రెండే తీగల మీద తాళం నిలబెట్టేవాడితో కలిసి ఎవరైనా పాడొచ్చు.

మూడో వారంలో ఎడమ చెయ్యి లోపలికి రావచ్చు, అదీ ఒక్క వేలితోనే. ఓపెన్ జి శ్రుతిలో మన సంగీతానికి కావలసినవి ముందే అమరి ఉన్నాయి. ఐదో తీగ మంద్ర షడ్జమం, నాలుగో తీగ దాని పంచమం, మూడో తీగ మధ్య షడ్జమం. బొటనవేలు ఐదు, నాలుగు తీగల్ని మీటుతుంటే తంబురా ఆసరా దొరికినట్టే. మూడో తీగ మీద ఈ ఫ్రెట్లలో వేలు పెట్టండి: ఖాళీ తీగ స, 1 రి, 4 గ, 5 మ, 7 ప, 8 ద, 11 ని, 12 పై స. సరళీ స్వరాలు నేర్చుకున్నవాళ్లకి ఇది మాయామాళవగౌళ అని వెంటనే తెలిసిపోతుంది. పురందరదాసు పిల్లల పాఠాలకి ఎంచుకున్న రాగం ఇది. రిని 2కి, దని 9కి మారిస్తే శంకరాభరణం. అందులోంచి మ, ని తీసేస్తే మోహనం, అంటే 0, 2, 4, 7, 9, 12. గమకాలు ఇప్పుడే రావు, రాకపోయినా పరవాలేదు. మెడ మీద చుక్కలు 3, 5, 7, 9, 12 దగ్గర ఉంటాయి కాబట్టి దారి తప్పరు.

ముఖ్యమైన మాట: మీటుతూ పాడండి. గొంతు బాగోలేదన్న సాకు నా దగ్గర చెల్లదు. ఐదు శ్రుతిలో పాడే ఆడవాళ్లకి ఈ జి సరిగ్గా సరిపోతుంది. ఒకటో శ్రుతిలో పాడే మగవాళ్లు ఐదో ఫ్రెట్‌లో, తీగలన్నిటినీ ఒకేసారి అదిమే కేపో బిగించి, ఫ్రెట్లు అక్కణ్ణించి లెక్కపెట్టుకోవాలి. కేపో పెట్టడం దొంగదారి అనే మాట పట్టించుకోకండి.

వీడియోలు చూసి వేళ్లు ఎక్కడ పెట్టాలో కాపీ కొట్టడం ఈ దశలో వద్దనడానికి నాకు పాలకొల్లులోనే సాక్ష్యం ఉంది. 1969లో అక్కడ పుట్టిన మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్‌కి గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు. ఆయనకి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, ఆ పిల్లవాడు విన్నది మాండలిన్ మీద వెతికి పట్టుకునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కచేరీ చేసేనాటికి శ్రీనివాస్ వయసు తొమ్మిదేళ్లు. మాండలిన్‌ని కూడా ఉన్నదున్నట్టు ఉంచుకోలేదు. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు వేసి, ఐదో తీగ చేర్చుకున్నారు. వేళ్లు చూపించేవాళ్లు లేకపోయినా పాడి వినిపించేవాళ్లుంటే చాలు. మీ ఇంట్లో పాడే పెద్దమ్మో తాతయ్యో ఉంటే ఊళ్లోని గిటార్ క్లాసుకంటే ముందు వాళ్ల దగ్గర కూర్చోండి.

రెండో నెలలో రెండో వేలు. రెండో తీగ ఒకటో ఫ్రెట్‌లో చూపుడువేలు, నాలుగో తీగ రెండో ఫ్రెట్‌లో మధ్యవేలు పెట్టి, చివరి తీగలు రెండూ వదిలేసి మధ్య నాలుగూ మీటండి. అది సి మేజర్. వేళ్లు తీసేస్తే మళ్లీ జి. ఈ రెంటి మధ్య అటూ ఇటూ తిరగడం వచ్చిందంటే చాలా జోలపాటలకి, భజనలకి తోడు దొరికినట్టే. రెండు వేళ్లతో ఏం వాయిస్తామని చిన్నచూపు వద్దు. గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్‌కి 1928లో అగ్నిప్రమాదంలో ఎడమ చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు దెబ్బతిన్నాయి. మిగిలిన రెండు వేళ్లతో ఆయన వాయించిన సోలోలు నేటికీ జాజ్ గిటారిస్టులకి పాఠాలు.

ఎఫ్ కార్డ్‌ని ఆరు నెలలు వాయిదా వేయండి. దాన్ని బారె కార్డ్‌గా పట్టాలంటే చూపుడువేలిని ఆరు తీగల మీదా పడుకోబెట్టి, నట్‌కి ఆనుకుని ఉన్న ఒకటో ఫ్రెట్‌లో అదమాలి. మొత్తం మెడ మీద అదమడం కష్టమైన చోటు అదే. దాన్ని నాలుగో పాఠంలో పెట్టే సిలబస్ ఎవరిదైనా నేను సమర్థించలేను.

మీకు ప్రాణమైన సినిమా పాటతోనూ మొదలుపెట్టకండి. 'గీతాంజలి' పాటలు వింటూ పెరిగిన చెవికి ఇళయరాజా బేస్ గిటార్ నడక, వయొలిన్ల అల్లిక అంతా గుర్తుంటుంది. మీ చేతిలో ఉన్నవి రెండు కార్డులు. పోల్చుకుని కుంగిపోతారు. పెద్దగా ఇష్టంలేని, నాలుగైదు స్వరాల్లో తిరిగే చిన్న పాట ఎంచుకోండి.

సాధన రోజుకి గంట అన్న మాట కూడా పక్కనపెట్టండి. పది నిమిషాలు పొద్దున, పది సాయంత్రం. వేలి కొస మంటపెట్టిందంటే ఆ పూటకి చాలు. మణికట్టులో నొప్పి వస్తే రెండు రోజులు మానేయాలి, దాన్ని ఓర్చుకుంటే నరాలకి దెబ్బ తగలొచ్చు. గిటార్‌ని సంచిలో పెట్టి జిప్ లాగకండి. కంటికి ఎదురుగా, చేతికందే గోడకి తగిలించండి. వానాకాలం చెమ్మెక్కే గోడ మాత్రం వద్దు. విశాఖ, కాకినాడల్లో ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పుపడతాయి, వాయించాక పొడిగుడ్డతో తుడవండి. మే నెలలో ఆపి ఉంచిన కారులో వదిలేస్తే ఆ వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జ్ లేచిపోతుంది, అది ఏ ఊళ్లోనైనా ఒకటే.

ఆఖరి మాట తల్లిదండ్రులకి. పిల్ల పదో తరగతికి వచ్చిందనో, ఇంటర్‌లో చేరిందనో గిటార్‌ని అటకెక్కించకండి. ఇక్కడ చెప్పిన పద్ధతిలో దానికి రోజుకి పట్టేది ఇరవై నిమిషాలు. పరీక్షల నెలలో పది చేయండి, కానీ గోడ మీద నుంచి మాత్రం దించకండి.