పది మిల్లీమీటర్ల పౌరుషం

సూరత్‌లోని మహీధర్‌పురా వజ్రాల బజారులో రోడ్డు పక్కన నిలిపిన స్కూటరు సీట్లే దుకాణాలు. దలాలులు వాటి మీద కూర్చుని, కాగితపు పొట్లం విప్పి, లక్షల బేరాలు తెగ్గొట్టేస్తారు. 2023 డిసెంబరులో ప్రధాని వచ్చి ఖజోద్‌లో పెంటగాన్‌ను మించిన వజ్రాల భవంతిని ప్రారంభించి వెళ్లినా ఈ బజారు స్కూటరు దిగలేదు. ఇక్కడ తూకమంటే తూకమే. క్యారెట్టు 200 మిల్లీగ్రాములు, అందులో నూరో వంతు సెంటు, అంటే 2 మిల్లీగ్రాములు. ఆ సెంటు దగ్గర మాట తేడా వస్తే పొట్లం మూసేసి లేచిపోతారు. అదే మనిషి ఆ స్కూటరుకే టైరు మార్పించుకోవడానికి వెళ్తే కొలతలన్నీ గాలికిపోయి ఒక్కటే మిగులుతుంది: వెనక నుంచి చూస్తే లావుగా కనపడాలి.

ఈ సోకు వజ్రాల వాళ్లతో ఆగిందా అంటే లేదు. లింబాయత్, ఉధనా వైపు పవర్‌లూమ్‌ల మీద బతుకుతున్న మన తెలుగువాళ్లకూ తగులుకుంది. నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు నడిపేంత మంది ఉన్నారక్కడ. దారం వేళ్ల మధ్య నలిపి దాని లావు ఎన్ని డెనియర్లో చెప్పగల నేతగాడు టైరు షాపు ముందు నిలబడి, "అన్నా, బుల్లెట్ లెక్క కనవడాలె" అంటాడు. నూరు కిలోల పైచిలుకు బరువు, ఎనిమిది గుర్రాలకు అటూ ఇటూగా శక్తి ఉన్న బండి బుల్లెట్ లెక్క ఎట్లా కనపడుతుందో టైరుకే తెలియాలి.

హోండా వాళ్ల యాక్టివా స్కూటరు వెనక టైరు గోడ మీద 90/100-10 అని అచ్చేసి ఉంటుంది. వెడల్పు 90 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో నూటికి నూరు పాళ్లు, రిమ్ము 10 అంగుళాలు. దీన్ని పీకించి మనవాడు వేయించుకునేది 100/90-10. వెడల్పు 100, ఎత్తు అందులో నూటికి తొంభై, అంటే మళ్లీ ఆ 90 మిల్లీమీటర్లే. రెండు టైర్ల వ్యాసమూ 434 మిల్లీమీటర్లే. బండి వెంట్రుకవాసి కూడా లేవలేదు. పెరిగిందల్లా వెడల్పులో పది మిల్లీమీటర్లు. దానికోసం ఇంకా అరగని టైరును మూలన పడేసి, కొత్తదానికి డబ్బు కట్టి, మీసం మీద చెయ్యి వేసుకుని ఇంటికి వస్తాడు.

"గుంతలల్ల మంచిగ పోతది బావా" అని సమర్థన. గుంత దాటించేది చక్రం ఎత్తు, టైరు నడుము కొలత కాదు. ఆ సంగతి తెలిసే కాబోలు, హోండా 2020లో యాక్టివా ముందు చక్రాన్ని 10 నుంచి 12 అంగుళాలకు పెంచింది. పెంచుతూ ముందు సస్పెన్షన్‌నే మార్చి టెలిస్కోపిక్ ఫోర్కు పెట్టింది. కంపెనీ ఇంజనీర్లు బండి ముందు భాగం తిరగరాసి చేసిన పనిని మనవాడు టీ చల్లారేలోగా చేయించేసుకుంటాడు.

పదితో తృప్తిపడని వీరులు 110/90-10కి ఎగబాకుతారు. ఇక్కడ నిజంగానే వ్యాసం పెరుగుతుంది, 452 మిల్లీమీటర్లకు. చుట్టుకొలత నూటికి నాలుగు పాళ్లు ఎక్కువ. స్కూటరు వెనక చక్రం ఇంజన్‌కే ఒకవైపు వేలాడుతుంది. ఒక పక్క బెల్టు కేసు, మరో పక్క సైలెన్సరు. ఆ సందులో లావు టైరు ఒరుసుకుంటుంది. పెద్ద చక్రాన్ని కదిలించడానికి ఇంజన్ మూలుగుతుంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పికప్ చస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పాత బండి పది అంగుళాల ముందు చక్రానికీ ఇదే వైభవం పట్టిస్తే, దాన్నుంచే లెక్క తీసుకునే స్పీడోమీటరు 50 చూపిస్తుంటే బండి 52 మీద ఉంటుంది. పైగా సన్నటి రిమ్ము మీద లావు టైరు ఎక్కిస్తే దాని అంచులు లోపలికి బిగుసుకుని నడినెత్తి గుండ్రంగా ఉబ్బుతుంది. కొన్న వెడల్పంతా చూసేవాళ్ల కంటికే. రోడ్డుకు అందేది కొంతే.

రెండో సమర్థన, బరువు. ఇది కాస్త వినదగ్గదే. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ల నుంచి కాళ్ల దగ్గరొక చీరల మూట, వెనక రెండు, వాటి మీద బావమరిది: సూరత్ స్కూటరు సంసారం అది. కానీ ఆ సంగతి కూడా టైరు గోడ మీదే ఉంది. 53జే అన్న గుర్తులో 53 అంటే ఆ ఒక్క టైరు 206 కిలోలు మోయగలదని, జే అంటే గంటకు 100 కిలోమీటర్ల దాకా అని. మోయలేకపోతున్నది చాలాసార్లు గాలి తక్కువైన టైరు. ఒక్కరెక్కితే ఎంత గాలి, ఇద్దరెక్కితే ఎంత అని కంపెనీ విడివిడిగా రాసిచ్చింది. గాలి పెట్టించుకుంటే వెనక వచ్చేవాడికి కనపడదు కదా, అదే చిక్కు.

చట్టం మాటా చెప్పాలి. కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. కేరళ కేసు ఒకదానిలో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణ, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని అంటుంది. ట్రాఫిక్ పోలీసు చేతిలో చలానా యంత్రం ఉంటుంది గాని టేపు ఉండదు కాబట్టి మనవాడు ధైర్యంగానే ఉన్నాడు.

షాపాయన మాత్రం ఎవరినీ వద్దనడు. "చాల్శే" అని గుజరాతీలో అభయమిచ్చి, డబ్బు లెక్కపెట్టుకుని, ఊడదీసిన అసలు టైరును దులిపి భద్రంగా లోపల పెట్టుకుంటాడు. ఆయన స్కూటరుకు ఆ సైజే సరిపోతుంది.