నిమ్మకాయలూ నమ్మకాలూ

తెలుగునాట అమ్మకానికి వచ్చే పాత చిన్న కార్లను బట్టి జనాభా లెక్కలు కడితే, డాక్టర్లూ, రిటైరైన బ్యాంకు మేనేజర్లూ, అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులూ తప్ప ఇక్కడ మరొకరు కారు కొన్న దాఖలా కనబడదు. డాక్టరుగారు బండిని ఇంటి నుంచి క్లినిక్కుకు, క్లినిక్కు నుంచి ఇంటికి తప్ప తిప్పలేదు. మేనేజరుగారు శనివారం గుడికి మాత్రమే తీశారు. అమెరికా పిల్లల కారైతే ఏడాదిలో ఇరవై రోజులు రోడ్డెక్కి, మిగతా రోజులంతా గుడ్డ కప్పుకుని తపస్సు చేసింది. మరి ఎల్లో బోర్డుతో రాత్రింబవళ్లు తిరిగిన బండ్లు, నేర్చుకునేవాళ్లు గేర్లు నలిపేసిన డ్రైవింగ్ స్కూలు బండ్లు, లారీకి గుద్దుకున్న బండ్లు, 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్ కాలనీల్లో తేలిన బండ్లు, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ సింగ్‌నగర్‌లో నీళ్లలో నానిన బండ్లు ఏమయ్యాయి? అన్నీ తుక్కులో కలిసి మోక్షం పొందాయని నమ్మాలి. నమ్ముతున్నాం కూడా.

తప్పంతా అమ్మేవాడిదని తేల్చేయడం సులువు. కానీ కొనేవాడు ఏది అడుగుతాడో అమ్మేవాడు అదే సిద్ధం చేసి పెడతాడు. బండి చూడటానికి వెళ్లిన మనిషి మొదట అడిగేది ఓనరు ఎవరు, ఉద్యోగమేమిటి, సొంతూరేది, ఎందుకు అమ్ముతున్నారు అని. ఇంకాస్త చనువు దొరికితే, వాళ్లేమిట్లు అని. తర్వాత నంబరు ప్లేటు ముందు నిలబడి అంకెలు కూడి తొమ్మిది వస్తుందేమో చూస్తాడు. చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, టైరును ఒక తన్ను తన్ని, తలుపు తీసి వేసి ఆ చప్పుడుకు తలాడిస్తాడు. టైరును తన్నితే ఏం తెలుస్తుందో తన్నిన కాలికి గానీ, తన్నించుకున్న టైరుకు గానీ ఇంతవరకు అంతుపట్టలేదు. చివర్లో మీటరు వంక చూసి, 42,000 మాత్రమేనా అని మురిసిపోయి అడ్వాన్సు తీస్తాడు. ఈ తతంగంలో ఒక క్రమం ఉంది. ఏ సాక్ష్యాన్ని మార్చడం ఎంత సులువో, దాన్ని మనం అంత గట్టిగా నమ్ముతున్నాం. ఓనరు వృత్తి నోటిమాటతో మారిపోతుంది. మీటరు గంటలో మారిపోతుంది. మార్చాలంటే వేలకు వేలు ఖర్చయ్యే సాక్ష్యాలు బండి ఒంటినిండా ఉంటే, వాటి వైపు కన్నెత్తి చూసేవాడు లేడు.

ముందు ఆ 42,000 సంగతి చూద్దాం. పదేళ్ల బండి అయితే ఏడాదికి 4,200, అంటే రోజుకు పదకొండున్నర కిలోమీటర్లు. ఎల్బీనగర్ నుంచి గచ్చిబౌలికి ఉద్యోగానికి వెళ్లేవాడికి అది పొద్దున తిన్న ఇడ్లీ అరిగేలోపే అయిపోయే దూరం. నిజంగా అంత తక్కువ తిరిగిన బండ్లు లేవని కాదు. ఉన్నాయి, కానీ అమ్మకానికి వచ్చినవన్నీ అవే కావడం విడ్డూరం. ఒకప్పుడు మీటరు వెనక్కి తిప్పాలంటే కనీసం స్క్రూడ్రైవరు పట్టడం రావాలి. డిజిటల్ మీటర్లు వచ్చి ఆ చేతిపనిని కూడా చంపేశాయి. ల్యాప్‌టాప్ తగిలిస్తే చాలు. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కారుకు ఏటా ఎంఓటీ పరీక్ష ఉంటుంది, ఆ రోజు మీటరు ఎంత ఉందో రాసిపెడతారు, నంబరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు. మన దగ్గర సొంత కారుకు పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వెళ్లేదాకా ఫిట్‌నెస్ పరీక్షే లేదు. అంతకాలం బండి వయసు ఓనరు చెప్పినంతే. అయితే దొంగ చాలాసార్లు ఒక చోట మరిచిపోతాడు. కంపెనీ సర్వీస్ సెంటరులో బండి నంబరు మీద ప్రతిసారీ రీడింగ్ నమోదై ఉంటుంది. 2019లో 71,000 తిరిగిన బండి ఇవాళ 46,000 చూపిస్తోందంటే, ఆయుర్వేదంలో కాయకల్పమని చెప్పేది ఇదే కావాలి. షోరూమ్ ట్రాక్ అని గొప్పగా చెప్పే బండికి ఆ ట్రాక్ కాగితాలు అడిగి తీసుకోవడానికి మాత్రం మనకు మొహమాటం అడ్డొస్తుంది.

ఇక మార్చడం కష్టమైన సాక్ష్యాలు. టైరు పక్కన డీఓటీ అనే అక్షరాల వరస చివర 4 అంకెలుంటాయి. 2316 అంటే 2016లో 23వ వారం పుట్టిన టైరు. డిక్కీలో నిద్రపోతున్న స్టెప్నీ సాధారణంగా బండితోపాటు వచ్చిందే కాబట్టి దాని తేదీ బండి జాతకం. మిగతా నాలుగింటి తేదీలు దాని తర్వాతి జీవితం. ప్రతి అద్దం మూలన తయారుచేసినవాడి ముద్ర ఉంటుంది, ఏడాది గుర్తు ఉంటుంది. ముందు అద్దం ఒక్కటే వేరైతే రాయి తగిలిందనుకోవచ్చు. ఎడమవైపు రెండు తలుపుల అద్దాలూ వేరైతే, ఆ వైపు నుంచి తగిలినది రాయి కంటే పెద్దదే అయివుండాలి. బానెట్, ఫెండర్ల బోల్టుల మీద రంగు చెదిరిందంటే ఎవరో స్పానర్ పెట్టారన్నమాట. మన ఆటోనగర్లలో టింకరింగ్ పనివాళ్ల చేతి మహిమ గొప్పది, రేకు మీద ప్రమాదాన్ని మాయం చేయగలరు. బోల్టు తల మీద మాత్రం మాయం చేయడం మహా కష్టం. నీళ్లలో మునిగిన బండికి సీటు కవర్లు కొత్తవి వేయొచ్చు, అత్తరు చల్లొచ్చు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగితే, ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే ఆ చివరి మూర మీద బురద గీత కనిపిస్తుంది. స్టెప్నీ గుంటలో ఒండ్రు, సీటు కింద పట్టాల మీద తుప్పు దానికి తోడు. క్లచ్ పెడల్ రబ్బరు బోడిగుండులా నున్నగా అరిగిపోయి, మీటరేమో 42,000 అంటుంటే, ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. రబ్బరుకు ఆ విద్య రాదు.

తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపాలన్నీ ఒకసారి వెలిగి, ఇంజిన్ అందుకున్నాక ఆరిపోవాలి. ఆరని దీపాన్ని చూసి భయపడటం అందరికీ తెలుసు. అసలు వెలగని దీపం అంతకంటే ప్రమాదం. ఎయిర్‌బ్యాగ్ పేలిపోయిన బండిలో ఆ దీపాన్నే పీకేసి ఉండొచ్చు. అలాగే "మీరొస్తున్నారని పొద్దున్నే స్టార్ట్ చేసి ఉంచాను సార్" అనే మర్యాద ఒకటుంది. ఇంజిన్ రోగమంతా చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని, తెల్ల పొగ ఎంతకీ ఆగకపోతే కూలెంట్ సిలిండర్లోకి చేరుతోందని, నల్లగా వస్తే ఇంధనం వృథాగా మండుతోందని. బానెట్ మీద చెయ్యి పెట్టి వెచ్చగా తగిలితే మరునాడు వస్తానని చెప్పి, చెప్పిన టైము కంటే గంట ముందే వెళ్లడం ఉత్తమం. వీటిలో ఏ ఒక్కటీ దానంతటది రుజువు కాదు. టైర్లు తిరక్కపోయినా ఐదారేళ్లకు గట్టిపడతాయి, బోల్టు ఏ చిన్న రిపేరుకైనా విప్పి ఉండొచ్చు. కానీ నాలుగు చిన్న సాక్ష్యాలు ఒకే వైపు వేలు చూపిస్తుంటే, ఓనరుగారి స్టెతస్కోపు వాటికి సమాధానం కాజాలదు.

కాగితాల్లోనూ ఇదే తంతు. అందరూ ఇన్సూరెన్స్ ఉందా లేదా అని చూస్తారు. అందులో నో క్లెయిమ్ బోనస్ అని ఒక వరస ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. ఏడాదిపాటు క్లెయిమ్ చేయకపోతే 20 శాతం, తర్వాత 25, 35, 45, అయిదేళ్లు నిండితే 50. ఆ బోనస్ మనిషిది, బండిది కాదు. "గీత కూడా పడని సింగిల్ ఓనరు బండి" అని చెప్పిన ఏడేళ్ల కారు పాలసీలో ఆ చోట సున్నా ఉంటే, అది క్లెయిమ్ చేసిన బండి కావాలి, లేదా చేతులు మారిన బండి కావాలి, లేదా పాలసీ గడువు దాటిపోయి నెలల తరబడి ఇన్సూరెన్స్ లేకుండా తిరిగిన బండి కావాలి. ఒక్క సున్నా ఇంత మాట్లాడుతుంది. ఇక సీ బుక్కులో బ్యాంకు పేరు ఇంకా ఉందా, ఎన్నో ఓనరు, చలాన్లు ఎన్ని అన్నవి ఫోనులో చూసుకోవచ్చు. చలాన్ల మాటెత్తితే, తెలంగాణలో 2022లో, మళ్లీ 2023 చివర్లో పెండింగ్ చలాన్లకు రాయితీ ఇచ్చారు కాబట్టి కొందరు వాటిని ఫిక్స్‌డ్ డిపాజిట్లలా దాచుకుంటున్నారు. ఆ డిపాజిట్ కొన్నవాడికి బదిలీ అవుతుంది. 29, 30 ఫారాల మీద ఉత్త సంతకాలు పెట్టించుకుని, పేరు మార్చకుండానే బండిని చేతులు మారుస్తూ పోవడం మరో ఆచారం. అలా మారుతూ పోయిన ఒక కారు ప్రమాదం కేసులో, రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యతకు వారే ఓనరని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ డాక్టరుగారంటూ నిజంగా ఒకరుంటే, వణకాల్సింది ముందు ఆయనే.

మెకానిక్‌ను తీసుకెళతాం కదా, మాకెందుకీ గోల అంటారు కొందరు. తీసుకెళ్లేది ఎప్పుడు? అడ్వాన్సు ఇచ్చాక, ఇంట్లో చెప్పాక, రంగు నచ్చాక. ఆ సమయంలో ఆయన "బండి బాగుంది, చిన్న చిన్న పనులున్నాయి" అనక ఏమంటాడు, శుభమా అని పెళ్లి జరుగుతుంటే. కంపెనీలు వందల అంశాలు పరీక్షించి వారంటీ ఇస్తున్నాయిగా అన్నది రెండో మాట. ఇస్తున్నాయి, మంచిదే. కానీ ఆ వారంటీ కాగితం వెనకవైపు సన్నక్షరాల్లో క్లచ్ ప్లేట్లు, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, బ్యాటరీ సాధారణంగా మినహాయింపు జాబితాలో ఉంటాయి, అంటే పాత బండిలో ముందుగా పోయేవన్నమాట. మూడోది అన్నిటికంటే బలమైన వాదన: మారుతి బండికి చూసేదేముంది, కళ్లు మూసుకుని కొనొచ్చు. 1983 డిసెంబరులో వచ్చి 2014 జనవరి దాకా తయారైన మారుతి 800 ఈ దేశానికి ఆ అలవాటు చేసింది. ఏ పల్లెలో ఆగినా బాగుచేసేవాడు దొరికాడు, ఏ కొట్టులోనైనా స్పేరు దొరికింది. ఆ పేరు అబద్ధం కాదు. అయితే పేరు మోడల్‌ది, కొంటున్నది ఒక బండిని. వంశం మంచిదని వరుణ్ణి చూడకుండా పిల్లనిచ్చేస్తామా?

రెండు లక్షల వస్తువుకు ఇంత పరిశోధనా అని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. రైతుబజారులో నలభై రూపాయల బెండకాయలకు ఒక్కొక్కదాని కొన విరిచి చూసే జాతి మనది. కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాం, పుచ్చకాయను వేళ్లతో కొట్టి వింటాం. రెండు లక్షల దగ్గరికి వచ్చేసరికి ఎక్కడలేని పెద్దరికం వస్తుంది. అసలు చూడటమంటే వద్దనడానికే అన్న అపోహ కూడా ఉంది. క్లచ్ ప్లేట్లు అరిగాయని తెలిస్తే బండిని వదులుకోనక్కర్లేదు, ఆ ఖర్చు ధరలో తగ్గించుకుంటే సరి. తప్పులు తెలిసిన పాత బండి మంచి బేరం కావచ్చు. మనవాళ్ల బండి, గుచ్చి గుచ్చి అడిగితే ఏమనుకుంటారో అన్న మాటకు మాత్రం జవాబు కష్టం. బావమరిది తోడల్లుడి బండి కొన్నవాడు ఇంజిన్ పోయినప్పుడు నోరెత్తలేడు, బండితోపాటు చుట్టరికం కూడా షెడ్డుకు చేరుతుంది. బయటివాడి దగ్గర కొంటే కనీసం తిట్టుకునే స్వేచ్ఛ అయినా ఉంటుంది.

ఈ మాయ మీద 1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త ఒక వ్యాసం రాశాడు. మూడు పత్రికలు తిప్పికొట్టాక నాలుగోది వేసుకుంది. 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆయన ఉదాహరణ పాత కార్ల బజారే. బండి గుట్టు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు మంచికీ చెడ్డకూ మధ్యరకం ధర ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి బండివాడు అమ్మడం మానుకుంటాడు, చెడ్డ బండివాడు పరుగున వస్తాడు. బజారులో చెడ్డవి పెరిగి ధర ఇంకా పడుతుంది, ఉన్న కాసిని మంచివీ ఇంటికి వెళ్లిపోతాయి. నిజంగానే క్లినిక్కుకు తప్ప తిరగని డాక్టరుగారి బండి ఒకటి ఎక్కడో ఉండే ఉంటుంది. అబద్ధపు డాక్టర్ల గుంపులో తన మాట ఎవరూ నమ్మరని ఆయన దాన్ని అమ్మకుండా ఇంట్లోనే పెట్టుకుని ఉంటాడు. అమెరికాలో ఇలాంటి దగా బండిని నిమ్మకాయ అంటారు, అకెర్లాఫ్ వ్యాసం పేరులోనూ నిమ్మకాయలే. మనం వాళ్లకంటే ఒక అడుగు ముందున్నాం. బండి ఇంటికి రాగానే పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెడతాం. ఆ నిమ్మకాయ పెట్టడానికి మోకాళ్ల మీద కూర్చుని, తల వంచి, టైరుకు ముఖం ఆనేంత దగ్గరగా వెళతాడు కొన్నవాడు. ఆ 4 అంకెలూ అప్పుడు సరిగ్గా కళ్లెదుటే ఉంటాయి, ఆయనేమో కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటూ ఉంటాడు.