చిల్లర సంచి విప్పేవాళ్లకు తలకిందుల సలహాలు

బ్యాంకు నుంచి చిల్లర తెచ్చుకుని అందులో అరుదైన బిళ్లలు ఏరుకోవాలనుకునే వాళ్లకు సలహాలిచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. అందరిదీ ఒకటే పాట: ఏది ఎంత పలుకుతుందో ముందు తెలుసుకో, దాని కోసమే వెతుకు, దొరికితే తోమి మెరిపించు, మంచి బేరం చూసి అమ్ముకో. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. ధరలు చూడొద్దు. అరుదైనదాని కోసం వెతకొద్దు. తోమొద్దు. అమ్మొద్దు. రెండోది దొరికితే ఖర్చుపెట్టేయండి. వినడానికి ఎలా ఉన్నా, ఒక్కోటీ ఎందుకంటున్నానో చెబుతాను.

మురికి సంచే అడగండి

కౌంటర్ దగ్గర కొత్త బిళ్లల సంచి ఇస్తామంటే ఎవరికైనా సంబరమే. తీసుకోకండి. టంకశాల నుంచి నేరుగా వచ్చిన సంచిలో ఏముందో విప్పకముందే తెలిసిపోతుంది: ఒకే ఏడాది, ఒకే టంకశాల, ఒకే అచ్చు. అందులో వెతకడానికేమీ ఉండదు. మీకు కావలసింది జనం చేతులు మారి వచ్చిన కలగలుపు చిల్లర. గుడి హుండీ లెక్కయ్యాక జమచేసింది, బస్సు డిపో వాళ్లు కట్టింది, పాలబూత్ వాళ్లు తెచ్చి పోసింది. "మేడమ్, కొత్తవి వద్దండీ, జనం కట్టిన చిల్లర ఉంటే ఇవ్వండి" అని అడిగి చూడండి. పాత చిల్లర పెట్టడానికి చోటు లేక అవస్థపడే బ్రాంచిలో మిమ్మల్ని చూస్తే క్యాషియరుకు ప్రాణం లేచొస్తుంది. నెల మొదటివారం పెన్షన్ల రద్దీలో మాత్రం వెళ్లకండి. ఆ రోజుల్లో చిల్లర కోసం వరసలో నిలబడటం పెద్దవాళ్లను ఇబ్బంది పెట్టడమే.

అందరూ వద్దనేవే తీసుకోండి. పది రూపాయల బిళ్ల చెల్లదన్న పుకారు మన రెండు రాష్ట్రాల్లో ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పదిహేను గీతలున్నది దొంగది, పది గీతలున్నదే అసలుది అని కొట్లలో వాదించేవాళ్లున్నారు. మొత్తం 14 రకాల పది రూపాయల బిళ్లలు విడుదల చేశామని, అన్నీ చెల్లుతాయని 2018 జనవరిలోనే రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది. జనం భయపడి బ్యాంకులో పోసేసిన ఆ పదులే మీకు మంచి పొలం. ఒక్క ప్యాకెట్‌లోనే రూపాయి గుర్తు లేని పాతవి, 2011 నుంచి ఆ గుర్తుతో వచ్చినవి పక్కపక్కన కనబడతాయి. 2010 నాటి రిజర్వు బ్యాంకు 75 ఏళ్ల గుర్తు బిళ్ల, 2012 నాటి పార్లమెంటు అరవై ఏళ్ల బిళ్ల కూడా అందులోనే ఉండొచ్చు.

నా మనసుకు మాత్రం రెండు రూపాయలే ఇష్టం. పదకొండు మూలల పాత రెండు రూపాయల బిళ్ల ఒకటి తీసి చూడండి. భారతదేశం పటం, పటంలో జెండా, హిందీలో 'రాష్ట్రీయ ఏకతా' అన్న మాట. మూలలు అరిగి గుండ్రంగా అయిపోయినా, అక్షరాల సందుల్లో ఏళ్లనాటి నల్లటి మట్టి గట్టిపడి, అక్షరాలు కొత్తదానికన్నా స్పష్టంగా కనబడతాయి. ఆ బిళ్లల్లోనే శివాజీ, అరబిందో, దేశబంధు చిత్తరంజన్ దాస్, రైల్వే 150 ఏళ్లు వచ్చాయి. ఆ తర్వాత ఉక్కుతో చేసిన గుండ్రటి రెండు రూపాయలొచ్చాయి. వాటి మీద నలుగురు మనుషులు ఒకే శరీరంగా కలిసిన గుర్తును శిలువ అనుకుని గొడవ జరిగిన కాలం అది. అందుకే 2007లో దాన్ని తీసేసి నాట్యముద్ర చేతివేళ్లు వేశారు. అలా మారిపోయిన అచ్చు గుప్పెడు చిల్లరలో మళ్లీ చేతికొస్తుంది.

ధర తెలుసుకోవద్దు

మొబైల్‌లో కనబడేదంతా లక్షలే. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్లకు ఇన్ని లక్షలు, 1985 నాటి రూపాయికి ఇన్ని లక్షలు. వైష్ణోదేవి బిళ్ల 2012లో చలామణి కోసమే వేశారు. జనం చేతుల్లో తిరిగిన మామూలు బిళ్ల అది. ఇంత అబద్ధం నమ్మి ఫోన్ చేస్తే అవతలివాడు ముందు రిజిస్ట్రేషన్ ఫీజంటాడు, తర్వాత పన్నంటాడు, ఆ తర్వాత కమిషనంటాడు. మీ డబ్బు పోయాక ఆ నంబరు ఎత్తరు. తన పేరు, గుర్తు వాడుకుని ఇలా వసూలు చేస్తున్నారని, తాను ఇలాంటి లావాదేవీల్లో ఎక్కడా లేనని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు జనాన్ని హెచ్చరించింది. రిటైరైన వాళ్లు, ఇంట్లో ఉండే ఆడవాళ్లు ఇందులో చిక్కుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. ధర తెలియనివాణ్ని ఆశపెట్టడం కష్టం. మొదటి ఏడాది ఏ బిళ్ల రేటూ చూడనని ఒట్టు పెట్టుకోండి.

ఏడాది కాదు, దాని కింద చూడండి

సాధారణంగా సంవత్సరం చదువుతారు. మీరు అంకెల కిందికి చూడండి. వజ్రం ఆకారం ఉంటే ముంబై. నక్షత్రం ఉంటే హైదరాబాద్. చుక్క ఉంటే నోయిడా. ఏమీ లేకపోతే కోల్‌కతా. కొత్తవాళ్లకు నేనిచ్చే పని ఏమిటంటే, మొదట కొంతకాలం నక్షత్రాలు మాత్రమే ఏరండి. అవి చాలా మామూలువి, ఎవరికీ అక్కర్లేనివి. అందుకే అవి కావాలంటున్నాను. దాదాపు ప్రతి నక్షత్రమూ మన దగ్గరే అచ్చయింది. నిజాం 1903లో సైఫాబాద్‌లో యంత్రాలతో నెలకొల్పిన టంకశాల 1997లో చర్లపల్లికి తరలింది. 2022 నుంచి సైఫాబాద్ భవనంలో మ్యూజియం నడుస్తోంది. సెక్రటేరియట్‌కు దగ్గర్లోనే ఉంది. పిల్లల్ని తీసుకెళ్లండి. అచ్చులు, ముద్రవేసే యంత్రాలు కళ్లారా చూశాక చిల్లర పట్టుకునే తీరే మారిపోతుంది.

నక్షత్రాలకు కన్ను అలవాటుపడిందంటే, తేడాగా ఉన్నది తనంతట తానే పట్టుబడుతుంది. 1980లలో, మళ్లీ 1990ల చివర్లో చిల్లర కొరత వల్ల మన ప్రభుత్వం బయటి దేశాల్లో నాణేలు కొట్టించింది. 1985 రూపాయి మీద అంకెల కింద ఇంగ్లిషు 'హెచ్' అక్షరం ఉంటే అది బర్మింగ్‌హామ్‌లోని హీటన్ టంకశాలది. మందపాటి ఐదు రూపాయల బిళ్ల, ఏడాది 1999 గానీ 2000 గానీ అయి, కింద మూడు రష్యన్ అక్షరాలు చిన్నగా ఉంటే అది మాస్కోలో పుట్టింది. గోరుతో తడిమితే అక్షరాలు తెలియవు, వెలుతురుకు వంచితేనే కనబడతాయి. కోట్ల సంఖ్యలో వేసిన బిళ్లలివి. కానీ మాస్కోలో అచ్చై, ఓడలో వచ్చి, కండక్టర్ టికెట్ వెనక రాసిచ్చిన బాకీ తీర్చి, మీ చేతికొచ్చిన బిళ్లను చూసి సంతోషపడటానికి దానికి రేటు అక్కర్లేదు.

రూపాయి బిళ్లలకు ఇంకో చిట్కా. ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం తెచ్చి కుప్ప మీద తిప్పండి. 1992 నుంచి వచ్చిన రూపాయిలు ఉక్కువి, అతుక్కుపోతాయి. అతుక్కోకుండా మిగిలినవి ఎక్కువగా అంతకుముందు రాగి-నికెల్‌తో చేసినవి. నెహ్రూ శతజయంతివి, 1990 నాటి అంబేడ్కర్‌వి ఇలాగే బయటపడతాయి.

భూతద్దం కొనొద్దు

కొత్తవాళ్ల చేతిలో భూతద్దం ప్రమాదమంటాను. దానిలోంచి చూస్తే ప్రతి గీతా టంకశాల తప్పులాగే కనబడుతుంది. బస్సు టైరు కిందపడి సొట్టపోయినది, ఎవరో సుత్తితో కొట్టింది, డ్రిల్లు పెట్టి బెజ్జం వేసింది తప్పు ముద్రలు కావు, దెబ్బతిన్న బిళ్లలు. కంటితోనే చూడండి. బిళ్లను బొమ్మవైపు నిటారుగా పట్టుకుని పుస్తకం పేజీలా పక్కకు తిప్పండి. బొరుసు కూడా నిటారుగా ఉండాలి. తలకిందులైతే, లేదా బాగా పక్కకు ఒరిగి ఉంటే అది అసలైన టంకశాల పొరపాటు. దాన్ని పక్కన పెట్టండి. ఇలా చూడటానికి పిల్లల కళ్లే మేలు. వాళ్లకు అలసట రాదు, ఆశ ఉండదు.

తోమొద్దు

ఇత్తడి చెంబు చింతపండుతో తోమినట్టు బిళ్లలు తోమేవాళ్లున్నారు. పీతాంబరి, నిమ్మకాయ, పళ్ల పేస్టు, ఏదీ వద్దు. పై పొర పోయిందంటే తిరిగి రాదు, దాన్ని ఏ సేకరణదారూ ముట్టుకోడు. మురికి మరీ ఎక్కువైతే మామూలు నీళ్లలో ఒక రాత్రి నాననిచ్చి, పొడిగుడ్డతో అద్దండి, రుద్దకండి. బిళ్ల అంచులు పట్టుకోండి, మొహం మీద వేలు పెట్టకండి. పలచటి మెత్తని ప్లాస్టిక్ కవర్లు కూడా వద్దు. వాటిలో కొన్నేళ్లుంటే బిళ్ల ఆకుపచ్చగా జిగురెక్కుతుంది. చిన్న కాగితం కవర్లు చాలు, పైన పెన్సిలుతో ఏడాది, టంకశాల రాసుకోండి.

రెండోది ఖర్చుపెట్టండి

దీనికే అందరూ నాతో గొడవపడతారు. మాస్కో ఐదు రూపాయలు ఒకటి ఉంచుకోండి. రెండోది దొరికితే పెరుగు ప్యాకెట్ కొని కొట్లో ఇచ్చేయండి. ఆ చిల్లర అందుకునే పదేళ్ల పిల్లాడు ఎవరైనా అంకెల కింద ఆ అక్షరాలు చూసి "ఇదేంటి నాన్నా?" అని అడగాలన్నదే నా కోరిక. అందరూ బీరువాల్లో దాచేస్తే రేపటి సంచిలో ఏమీ మిగలదు. దాచడం కన్నా దారుణం కరిగించడం. తొమ్మిది గ్రాముల పాత ఐదు రూపాయల బిళ్లల్లో లోహం ఖరీదు ఎక్కువ కావడంతో వాటిని సరిహద్దు దాటించి బ్లేడ్లు చేశారని వార్తలొచ్చాయి. నాణేలు కరిగించడం 2011 నాణేల చట్టం కింద నేరం, ఏడేళ్ల వరకు జైలు ఉంటుంది.

ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం బ్యాంకు సంచిలో దొరుకుతుందా అని అడగకండి. 2023 ఆగస్టులో విడుదలైన ఆ వెండి కలిసిన నాణేన్ని టంకశాల నుంచే కొనుక్కోవాలి. అది కౌంటర్ చిల్లరలోకి రాదు.

మిగిలిన బిళ్లల్ని గోనెసంచిలో పోసి బ్యాంకుకు తీసుకెళ్లకండి. రకాలవారీగా విడదీసి, వందేసి చొప్పున పాలిథీన్ కవర్లలో కట్టుకుని వెళ్లండి. రిజర్వు బ్యాంకు చెప్పే పద్ధతీ అదే. ఖాతాలో వేసే చిల్లరకు గరిష్ఠ పరిమితి లేదు. బ్యాంకు కాదనకూడదు. అయినా క్యాషియర్‌కు పది నిమిషాలు మిగిల్చితే, వచ్చే నెల మురికి సంచి మీకోసం పక్కన పెట్టి ఉంటుంది. పావలాలు కనబడితే ఇంటికి తెచ్చుకోండి, 2011 జూన్ 30 నుంచి అవి చెల్లడం లేదు. అర్ధరూపాయి మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది. పది రూపాయల వరకు అర్ధరూపాయిల్లోనే ఇవ్వొచ్చని చట్టం ఉంది. కొట్లో వద్దంటే బ్యాంకులో కట్టండి, అక్కడా వద్దంటే మేనేజర్ గదిలోకి వెళ్లి నిలబడండి.