మెదడుకు జంగు

మా రోజుల్ల చెవుడొస్తే వయసనేటోళ్లు, తూలితే కల్లనేటోళ్లు. గీటి కోసం డాక్టర్ దాక పోయే పనే లేకుండె.

మా ఊరి గౌడన్న మోకు జారి తాటిచెట్టు మీదికెళ్లి పడ్డడు. పానం దక్కింది గని ఎడమ చెయ్యి ఎండుకొమ్మ లెక్క వేలాడింది. పదిహేనేండ్లకు చెవులు మందగించినయి. కొమురెల్లి జాతరల ఒగ్గు డోలుకు అరచెయ్యి ఆనిచ్చి, "కొడ్తున్నర్రా?" అని నన్నే అడిగిండు. ఆ తర్వాత కాళ్లు ఎడంగేసి నడుసుడు మొదలైంది. ఒడ్డు మీదికెళ్లి మడిలకు ఒరిగితే, "తన కల్లు తనే తాగుతుండు" అని నవ్విన్రు. నవ్వినోళ్లల్ల నేనూ ఉన్న. ఆయన చుక్క ముట్టనోడు.

ఏం రోగమో తెల్వకుండనే పోయిండు. సూపర్‌ఫిషియల్ సిడరోసిస్ అనే రోగం గురించి చదివినంక గౌడన్న యాదికొచ్చిండు. గదే అని ఒట్టేసి చెప్ప, గని అన్నీ కలుస్తున్నయి. చెయ్యి నరాలు ఏర్లతోని ఊడితే వెన్నుపాము చుట్టున్న పొర చినుగుతది. ఆడికెళ్లి చుక్కచుక్క నెత్తురు మెదడు చుట్టున్న నీళ్లల్ల కలుస్తది, ఏండ్లకేండ్లు. నొప్పి గూడ ఉండకపోవచ్చు. నెత్తుర్ల ఇనుముంటది గదా, అది మెదడు పైన జంగు లెక్క పేరుకుంటది. ముందుగాల చెడిపోయేవి వినికిడి నరం, చిన్నమెదడు. కొందరికి వాసన గూడ తెల్వకుంటయితది. 1908ల హామిల్ అనే డాక్టర్ దీన్ని మొదట రాసిండు. గా కాలంల శవాన్ని కోస్తెనే తెలిసేది. గిప్పుడు ఎమ్మారైల మెదడు అంచుకు కాటుక దిద్దినట్టు నల్లగీత కనవడ్తది.

మా దిక్కు 2018ల సర్కారు మెడికల్ కాలేజీ అచ్చింది. గీత కార్మికులకు 2024ల కాటమయ్య రక్షా కిట్లు ఇచ్చుడు షురూ జేసిన్రు. మంచిదే. గని ఇప్పటి పోరగాళ్లు తాడెక్కుతలేరు, మోటర్‌సైకిలెక్కుతున్రు. మా అల్లుడు వరుస పిలగాడు రాజీవ్ రహదారి మీద పడి చెయ్యి పోగొట్టుకున్నడు. పన్నెండేండ్లకు చెవులు పోతుంటే ఒక దవాఖానల రెండు నిమిషాలల్ల చెవి మిషన్ పెట్టి తోలిచ్చిన్రు. డాక్టర్ కంప్యూటర్ మీదికెళ్లి తల ఎత్తలే. ఎన్నడన్న పడ్డవా బిడ్డా అని ఒక్క మాట అడగలే. మా కాలం డాక్టర్‌కు మిషన్ లేకున్నా, ఎదురుంగ కూసోబెట్టి తాత ముత్తాతల రోగాలు గూడ అడిగేటోడు. నేనే నరాల డాక్టర్ దగ్గరికి తోల్కపోయి పాత దెబ్బ సంగతి చెప్పిన. ఎమ్మారై రాసిండు.

చినుగు దొరికితే ఆపరేషన్ జేసి నెత్తురు ఆపొచ్చు. తలసీమియా పిల్లలకిచ్చే డెఫెరిప్రోన్ గోళీలు గూడ కొందరికి ఇస్తున్రు. దాంతోని తెల్ల కణాలు పడిపోయే భయముంటది, నెత్తురు పరీక్షలు తప్పయి. పోయిన వినికిడి ఎన్కకు రావుడు కష్టమే.

మీ ఇంట్ల ఎవలకన్న చెవుడూ తూలుడూ జంటగ మొదలైతే, ఇరవై ఏండ్ల కింది దెబ్బయినా సరే, డాక్టర్ అడగకున్నా మీరే చెప్పున్రి.