నేను పట్టిన మూగనోము

ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మా అమ్మాయికి కూడా.

2022 నవంబరులో, నలభై తొమ్మిదేళ్ల వయసులో, చీర కట్టుకుని మొదటిసారి ఒంటరిగా రైలెక్కాను. సికింద్రాబాద్‌లో పొద్దున ఎక్కితే రాత్రికి విశాఖపట్నం, మర్నాడు అరకు. అంతకు ఏడాది ముందే ఇంట్లో చెప్పేశాను, నేను ట్రాన్స్ మహిళనని. కాలేజీలోనూ చెప్పేశాను. కలెక్టరు ఆఫీసు నుంచి గుర్తింపు సర్టిఫికెట్టు కూడా వచ్చింది. చెప్పడం అయిపోయింది కదా, ఇక భయపడేందుకు ఏముందిలే అనుకున్నాను.

భయమంతా గొంతులో మిగిలి ఉంది. ఇరవై నాలుగేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పిన గొంతు అది. మైకు లేకుండా ఆఖరి బెంచీ దాకా వినబడేది. ఈస్ట్రోజన్ చర్మాన్ని మెత్తబరుస్తుంది, ఒంటి తీరు మారుస్తుంది. కుర్రతనంలో ఒకసారి బరువెక్కిన గొంతును మాత్రం వెనక్కి తేలేదు. అది సాధనతోనే మారాలి. ఈ వయసులో మొదలుపెట్టేవాళ్లకు ఇంకో చిక్కుంది. లేజర్ నల్ల వెంట్రుకనే పట్టుకుంటుంది, నెరిసిన గడ్డం దానికి లొంగదు. ఒక్కో కుదురూ సూదితో కాల్పించుకోవాలి. అదంతా ఓర్చుకున్నాను. రోజూ వంటింట్లో పేపరు పైకి చదువుతూ గొంతు సాధన చేశాను. అయినా ఆ పొద్దున ప్లాట్‌ఫారం మీద టీ అడగడానికి నోరు పెగల్లేదు. వేలు చూపించి కొనుక్కున్నాను.

నాది కిటికీ పక్క సీటు. నా పక్కన డెబ్బై దాటిన ఒక పెద్దావిడ. సామర్లకోటలో దిగాలట, కొడుకు వచ్చి తీసుకెళ్తాడట. "నువ్వు ఎందాకమ్మా?" అంది. నేను గొంతు మీద చెయ్యి పెట్టుకుని వేళ్లు అడ్డంగా ఊపాను. గొంతు బాగోలేదని చెప్పాలనే నా ఉద్దేశం. ఆవిడ మొహం మెత్తబడిపోయింది. "అయ్యో, మాట రాదా తల్లీ?" అంది.

నేను కాదనలేదు.

అప్పుడు నాకు కలిగింది సిగ్గు కాదు, హాయి. ఇది ఒప్పుకుని తీరాలి. ఈ ప్రయాణంలో ఇక నన్నెవరూ మాట్లాడించరు కదా అని నడుం వాల్చాను.

టీసీ వచ్చాడు. ఆధార్ ఇంకా మార్పించుకోలేదు. టికెట్టు బుక్ చేసేటప్పుడు ఆడ, మగ పక్కనే ట్రాన్స్‌జెండర్ అన్న గడి కూడా ఉంది. అది నొక్కడానికి చెయ్యాడక పాత పేరే ఇచ్చి, మగ అనే పెట్టాను. ఆయన ఫోను చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫోను చూశాడు. సర్టిఫికెట్టు నా ఒళ్లో ఉన్న సంచిలోనే ఉంది. తీసి చూపిస్తే పోయేది. "మాట రాదు బాబూ, పాపం" అని పెద్దావిడ అడ్డం వచ్చింది. ఆయన తలూపి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం ఆవిడ స్టీలు డబ్బా మూత తీసి, మూతలోనే నాకు పులిహోర పెట్టింది, పక్కన రెండు జంతికలు. వేరుశనగలు ఏరి నా వైపుకు నెట్టింది. తిన్నాను.

ఏలూరు దాటాక చప్పట్లు వినబడ్డాయి. ముగ్గురు హిజ్రాలు పెట్టెలోకి వచ్చారు. నేను వెంటనే కిటికీ వైపు తిరిగి కొంగు చెవి మీదుగా లాక్కున్నాను. వాళ్లకూ నాకూ ఏదో పోలిక ఉందని ఎవరైనా అనుకుంటారేమోనని. ఈ వాక్యం రాయడానికి మూడేళ్లు పట్టింది.

వాళ్లలో పెద్దామె మా దగ్గర ఆగింది. "దానికి మాట రాదమ్మా, ఇదిగో నేనిస్తాను" అంటూ పెద్దావిడ చీర చెంగు ముడి విప్పింది. ఆమె డబ్బు తీసుకోలేదు. నా కళ్లలోకి చూసింది. ఆమెకు తెలిసిపోయింది, తెలిసిపోయిందని నాకూ తెలిసింది. నా తల మీద చెయ్యి పెట్టి, "ఒక్కదానివే వెళ్తున్నావా? జాగ్రత్త తల్లీ" అని ముందుకు సాగిపోయింది. పెట్టెలో ఎవరికీ ఏమీ తెలియలేదు. నేను తలతిప్పుకున్న మనిషే నా గుట్టు కాపాడింది.

అలాంటివాళ్లకు నేనెంత రుణపడ్డానో తెలియక కాదు. ఎవరి లింగం ఏమిటో వాళ్లే చెప్పుకోవచ్చని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పు ఇచ్చినప్పుడు నేను స్టాఫ్‌రూములో ఆ వార్త వచ్చిన పేపరు పేజీ మడిచి, జ్యామితి పుస్తకంలో దాచుకున్నాను. ఆ కేసులో తన గోడు వినిపించిన లక్ష్మీనారాయణ్ త్రిపాఠి హిజ్రా. హిజ్రా ఆడబట్టల్లో బయట కనబడితే వారంటు లేకుండా పట్టుకెళ్లొచ్చన్న 1919 నాటి నిజాం చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. ఆ చట్టం మీద పోరాడిన వైజయంతీ వసంత మొగ్లి ట్రాన్స్ మహిళ. నా సంచిలోని సర్టిఫికెట్టుకు ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద వచ్చిన 2019 చట్టం ఆధారం, ఆ చట్టం వెనక ఇలాంటివాళ్లు దాక్కోకుండా నిలబడి తిన్న దెబ్బలున్నాయి. నేను జీతం తీసుకుంటూ, పెన్షన్ లెక్కలు వేసుకుంటూ, వాళ్లు దారి వేశాక బయటికి వచ్చాను. వచ్చి కొంగు చాటు చేసుకున్నాను.

కొవ్వూరు దాటింది. రైలు వంతెన ఎక్కగానే పెద్దావిడ రెండు రూపాయి బిళ్లలు తీసింది. ఒకటి నా అరచేతిలో పెట్టి, వేళ్లు తానే మూసింది. "గోదారి తల్లికి మొక్కుకో. మాట ఇమ్మని అడుగు. నేనూ అదే అడుగుతా" అంది. కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ, తన బిళ్ల కిటికీ లోంచి విసిరింది. కింద నీళ్లు, ఇసుక దిబ్బలు. నేను చెయ్యి బయటికి పెట్టాను గానీ పిడికిలి విప్పలేకపోయాను.

సామర్లకోటలో ఆవిడ సంచి నేనే తలుపు దాకా మోశాను. కొడుకు చెయ్యి పట్టుకుని దిగి, వెనక్కి తిరిగి, వెళ్లొస్తానన్నట్టు నాకు సైగ చేసింది. నా కోసం సైగ నేర్చుకున్నట్టు, నెమ్మదిగా. అప్పుడైనా "వెళ్లి రండమ్మా" అనొచ్చు. అనలేదు.

ఆ రాత్రి విశాఖ లాడ్జిలో ఒక విషయం తట్టింది. హిందీలో నోరు తెరిస్తే 'వెళ్తున్నాను' అన్న మాటే ఆడో మగో చెప్పేస్తుంది. తెలుగులో 'నేను' అంటే నేనే. వచ్చాను, తిన్నాను, భయపడ్డాను, ఏ క్రియా నన్ను పట్టివ్వదు. నా భాష నాకు అంత చోటిచ్చింది. ఆ భాషనే నేను నోట్లోంచి తీసేసుకున్నాను. అరకు చూశాను, బొర్రా గుహలు చూశాను. వాటి గురించి చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

తిరిగొచ్చి ముందు ఆధార్ మార్పించుకున్నాను. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకూ ట్రాన్స్‌జెండర్లకూ బస్సు ప్రయాణం ఉచితమైంది. ఆ నెలలోనే జూబ్లీ బస్టాండులో సిద్దిపేట ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. కండక్టరు "ఎక్కడికి?" అంటే "సిద్దిపేట" అన్నాను, ఆఖరి బెంచీకి వినబడే గొంతుతోనే. ముందు సీట్లో ఇద్దరు తిరిగి చూశారు. ఆయన కార్డు చూసి జీరో టికెట్టు ఇచ్చి, వెనక సీటుకు వెళ్లాడు. ఆ తర్వాత రైళ్లలో చప్పట్లు వినబడితే కిటికీ వైపు తిరగడం లేదు. లేచి పలకరిస్తున్నాను. నా తల మీద చెయ్యి పెట్టిన ఆ పెద్దామె మాత్రం మళ్లీ కనబడలేదు.

ఆ నవంబరులో సామర్లకోటలో తల్లిని రైలు దింపుకున్న కొడుకు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఆవిడకు చెప్పండి. మీ పులిహోర తిన్న మనిషికి మాట వచ్చు, ఆ రోజూ వచ్చు. మీరిచ్చిన రూపాయి గోదావరిలో పడలేదు. అది నా దగ్గరే ఉంది.