ఓనరుగారి ఇంటర్వ్యూ

ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ల అడ్డా, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో సమానత్వానికి లోటే లేదు. 2022 అక్టోబరు 16న రాసిన తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దు. 2023 జూన్ 11న మళ్లీ రాస్తే, హైకోర్టు తీర్పుతో అదీ రద్దు. అందరికీ సమానంగానే! కాకపోతే సిటీలో సొంతిల్లున్నవాడికి పోయింది రెండు ఆదివారాలు, ఎకరం తాకట్టు పెట్టి వచ్చినవాడికి పోయింది ఆ ఎకరం.

చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దంతా రాజ్యాంగంలోని సమానత్వపు ఆర్టికల్స్ 15, 16, 17 బట్టీ. మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం. సాయంత్రం నారాయణగూడలో గది అడిగితే ఓనరుగారి ప్రశ్న: ‘‘మీరెవరు బాబూ... అదే, మీరేంటోళ్లు?’’ జవాబు వినగానే టులెట్ బోర్డు లోపలికి!

గ్రూప్-1కి ఇంటర్వ్యూలు 2022లోనే ఎత్తేశారు. ఓనరుగారికి ఆ జీవో ఇంకా అందినట్టు లేదు!