వరుసలో ముందున్నవాడిదే రాజ్యం

ఎమ్మెస్-డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలివి కన్నా క్రమశిక్షణ ఎక్కువ. తెర మీద ఒక పేరు కొట్టి ఎంటర్ నొక్కగానే, కమాండ్.కామ్ అనే ప్రోగ్రాము ఆ పేరు తన సొంత ఆదేశాల్లో ఉందేమో చూసుకొని, లేకపోతే ప్రస్తుత డైరెక్టరీలోను, అక్కడా లేకపోతే ‘పాత్’ అనే జాబితాలోని డైరెక్టరీలలోను వరుస తప్పకుండా వెతికి, మొదట తగిలినదాన్ని నడిపేస్తుంది. అది అడిగిన మనిషికి కావలసినదేనా అన్న విచారణ దాని విధుల్లో లేదు.

1980లలో నోవెల్ సంస్థవారి నెట్‌వర్క్ వ్యవస్థ ‘నెట్‌వేర్’ కార్యాలయాల్లో అడుగుపెట్టాక ఈ జాబితాకు కొత్త హక్కుదారులు పుట్టుకొచ్చారు. సర్వరులోని డైరెక్టరీకి ఒక డ్రైవు అక్షరం తగిలించడం మ్యాపింగ్ కాగా, అలా తగిలించినవాటిలో ఆదేశాల కోసం కూడా వెతకదగినవి సెర్చ్ డ్రైవులు. వీటి సంఖ్యలు ఎస్1 నుంచి ఎస్16 దాకా ముందుకు నడిస్తే, అక్షరాలు మాత్రం జడ్ నుంచి కె దాకా వెనక్కి నడుస్తాయి. నెట్‌వేర్ వీటిని తిన్నగా డాస్ పాత్‌లోనే చేరుస్తుంది.

చిక్కంతా ఆ చేర్చడంలోనే ఉంది. మ్యాప్ ఆదేశంలో ‘ఇన్స్’ అనే మాట రాస్తే, బస్సులో ‘కాస్త జరగండి’ అని అడిగి కూర్చున్నట్లు, కొత్త డ్రైవు ముందు చేరి పాతవి ఒక్కొక్క స్థానం వెనక్కి జరుగుతాయి. ఆ మాట మరిచి ఉత్త ఎస్1 అని రాస్తే, అక్కడున్న పెద్దమనిషిని లేపేసి ఆ సీట్లో కూర్చుంటుంది. ఆ పెద్దమనిషి సి డ్రైవులోని డాస్ డైరెక్టరీ అయిన పక్షంలో, కమాండ్.కామ్‌లోనే ఇమిడివున్న డిర్, కాపీ ఆదేశాలు ఎప్పటిలాగే పలుకుతాయి గాని, విడి ఫైళ్ళుగా ఉన్న ఎక్స్‌కాపీ, ఫార్మాట్‌లను పిలిస్తే ‘బ్యాడ్ కమాండ్ ఆర్ ఫైల్ నేమ్’ అనే జవాబొస్తుంది. ఫైళ్ళు డిస్కులో క్షేమంగానే ఉన్నా, తప్పు టైపు చేసినవారి నెత్తిన పడుతుంది.

ఇంకో తమాషా కూడా ఉంది. పాత్‌లో నెట్‌వేర్ రాసే పద్దు ‘జడ్, కోలను, చుక్క’ అన్న రూపంలో ఉంటుంది; చుక్క అంటే ఆ డ్రైవులో ప్రస్తుతమున్న డైరెక్టరీ. కనుక ఎవరైనా జడ్ డ్రైవులోకి వెళ్ళి, ఊరికే చూద్దామని సీడీ ఆదేశంతో మరో డైరెక్టరీకి మారితే, శోధన మార్గం కూడా వారి వెంటే వెళ్ళిపోయి, అంతవరకు పనిచేసిన నెట్‌వేర్ ఉపకరణాలు కనబడకుండా పోతాయి.

ఇదంతా పాతకాలపు కథే అయినా, విండోస్ కమాండ్ ప్రాంప్టు నేటికీ ముందు ప్రస్తుత డైరెక్టరీని, తరువాత పాత్‌ను వరుసగా వెతుకుతుంది. కాబట్టి ప్రోగ్రాము పోయిందని గగ్గోలు పెట్టి దాన్ని మళ్ళీ ఎక్కించబోయే ముందు, పాత్ అని ఒక్కసారి కొట్టి ఆ వరుస చదువుకోవడం మంచిది.